‘హ’ చెప్పిన సాక్ష్యం: పడమటి కర్నూలు ఊరి పేర్లు

చిప్పగిరి నుంచి తూర్పుదిక్కుగా పోతే పత్తికొండ వస్తుంది. ఆలూరు వైపు తిరిగితే హత్తిబెళగల్ ఉంది. ఒక పేరు పకారంతో మొదలైతే రెండోది హకారంతో మొదలవుతుంది. తెలుగువాడు పత్తి అనేదాన్నే కన్నడిగుడు హత్తి అంటాడు. ఇది నల్లరేగడి సీమ, ఆదోని మార్కెట్టు పేరెత్తగానే పత్తి బోరాలు గుర్తొచ్చే సీమ. కాబట్టి ఈ రెండు పేర్ల మొదట్లో ఉన్నది ఒకే మాట అనుకోవడానికి వీలుంది. కాదు, హత్తి అన్నది పశువుల హట్టి నుంచి వచ్చిందని ఎవరైనా అంటే ఆ మాటనూ కొట్టిపారేయలేం. ఊరి పేరుకు అర్థం చెప్పబోయిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట తడబడతాడు. ధ్వని సంగతి వేరు. పేరు మొదట హకారం ఉందా పకారం ఉందా అన్నది ఊహ కాదు, చెవికి వినిపించే వాస్తవం. ఆ హకారం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎవరి నోట పుట్టింది అన్న ప్రశ్నలకు ధ్వనిశాస్త్రం దగ్గర నియమబద్ధమైన జవాబులున్నాయి. పడమటి కర్నూలు భాషాచరిత్రకు శాసనాలకన్నా, జనాభా లెక్కలకన్నా నమ్మదగిన దస్తావేజు ఈ ఊరి పేర్లలోని ధ్వనులే. 1953లో ఆంధ్ర, మైసూరు రాష్ట్రాల నడుమ గీత గీసినప్పుడు ఇరుపక్షాలూ వాదించుకున్న తీరుకు ఆ దస్తావేజు చెప్పే కథ ఎక్కడా పొసగదు.

ముందు ఆ ధ్వని ఎలా మారిందో చూడాలి. పకారం పలకాలంటే రెండు పెదవులూ గట్టిగా మూసుకుని, వెనక ఊపిరి నిలబడి, ఒక్కసారిగా విడుదల కావాలి. పెదవులు గట్టిగా మూసుకోకుండా సన్నని సందు వదిలితే ఊపిరి ఆగదు, ఊదినట్టు జారిపోతుంది. ఆ సందు ఇంకా వెడల్పయి పెదవులు తమ పని పూర్తిగా మానేస్తే మిగిలేది గొంతులోని ఊపిరి మాత్రమే. అదే హకారం. కన్నడ నోరు ఈ దారిలో నడిచింది. పాలు హాలయింది, పులి హులి అయింది, పువ్వు హూవు అయింది, పాము హావు అయింది, పంది హంది అయింది, పల్లు హల్లు అయింది, పల్లె హళ్ళి అయింది. పంపకవి 10వ శతాబ్దిలో రాసిన కన్నడం ఇంకా పకారపు కన్నడమే. ఆ శతాబ్ది చుట్టుపక్కల నుంచి శాసనాల్లో హకారం తల ఎత్తుతుంది, 14వ శతాబ్ది నాటికి అదే మామూలు రూపమైపోతుంది. తెలుగు నోరు ఈ దారి పట్టలేదు. మన పకారం నన్నయ నాడు ఎలా ఉందో నేడూ అలాగే ఉంది. ఈ మార్పు కన్నడానికే ప్రత్యేకమైన వింత కూడా కాదు. జపాను భాషలోని హకారం చాలావరకు పాత పకారమే, అదీ పెదవుల సందు మీదుగానే నడిచి వచ్చింది. ఆ దేశం పేరును నిప్పొన్ అనీ నిహొన్ అనీ రెండు విధాలా పలుకుతారంటే కారణం అదే: ఒంటరి పకారం కరిగిపోయింది, ద్విత్వమై నిలిచిన ‘ప్ప’ మాత్రం కరగలేదు.

ఆ ద్విత్వం సంగతి ఇక్కడ ముఖ్యం. కన్నడంలోనూ ద్విత్వ పకారం చెక్కుచెదరలేదు. అప్ప అప్పగానే ఉంది, ఉప్పు ఉప్పుగానే ఉంది, తుప్ప (నెయ్యి) తుప్పగానే ఉంది. మకారం వెనక చేరిన పకారమూ అంతే. పంపాక్షేత్రం హంపె అయింది, హంపి అయింది. మాట మొదట్లోని పకారం హకారమైతే, అదే మాటలో మకారం కింద ఉన్న రెండో పకారం కదలకుండా కూర్చుంది. ఒక్క మాటలోనే నియమం, ఆ నియమానికి ఉన్న హద్దు రెండూ కనిపించడం అరుదు. హంపి ఆ అరుదైన ఉదాహరణ. ఈ లెక్కన చిప్పగిరి పేరు చూడండి. చిప్ప అన్నా చిప్పు అన్నా అందులోని ‘ప్ప’ తెలుగు నోట ఎంత భద్రమో కన్నడ నోటా అంతే భద్రం. గిరి ఎలాగూ సంస్కృతం. అంటే తన చుట్టూ ఉన్న ఊళ్ళ చరిత్ర విప్పడానికి ఇంత పనికొచ్చే నియమం చిప్పగిరి పేరు దగ్గరికి వచ్చేసరికి మౌనం వహిస్తుంది. ఏ పేరు సాక్ష్యానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్న విచక్షణ లేకపోతే ఈ విద్య గారడీ అయిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి.

ధ్వనుల గురించి ఆలోచించడం మన నేలకు కొత్త కాదు. ప్రాతిశాఖ్యలు, శిక్షాగ్రంథాలు కంఠం నుంచి పెదవి దాకా ప్రతి వర్ణానికి పుట్టుకచోటు నిర్ణయించాయి. కవర్గంతో గొంతు దగ్గర మొదలై పవర్గంతో పెదవుల దగ్గర ముగిసే మన వర్ణమాల ఒక ధ్వనిశాస్త్ర పట్టికే. తెలుగుపిల్లవాడూ కన్నడపిల్లవాడూ దాన్నే వల్లించారు. పత్తికొండ దగ్గరి ఎర్రగుడిలో అశోకుడి శాసనం చెక్కిన లేఖకుడు లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడిపించాడు. పంక్తి నడక అటూ ఇటూ అయినా వర్ణానికీ వర్ణానికీ ఉన్న తేడా మాత్రం ఆ బ్రాహ్మీలిపిలో స్పష్టంగా ఉంది. అయితే ప్రాతిశాఖ్యల శాస్త్రం వర్ణం ఎక్కడ పుడుతుందో చెప్పిందే గాని, కాలక్రమాన ఎక్కడికి నడుస్తుందో చెప్పడానికి పూనుకోలేదు. వేదమంత్రం మారకూడదన్నదే దాని లక్ష్యం. మార్పును అది దోషంగా చూసింది. మన లక్షణకర్తలూ ఆ దారినే నడిచారు. 13వ శతాబ్దిలో కన్నడ వైయాకరణి కేశిరాజు తన శబ్దమణిదర్పణంలో ఱకారం, ఴకారం ఉన్న మాటలను పట్టికలు వేసి ఇచ్చాడు. 17వ శతాబ్దిలో మన అప్పకవి రేఫ ఎక్కడ, శకటరేఫ ఎక్కడ అని కవులకు పాఠం చెప్పాడు. నోట తేడా నిలిచి ఉంటే పట్టికతో పని లేదు. కకారానికీ గకారానికీ తేడా చెప్పడానికి ఎవరూ జాబితా రాయలేదు. జాబితా పుట్టిందంటే ఆ ధ్వని అప్పటికే జనం నోట చచ్చిపోయింది, లేదా చావుబతుకుల్లో ఉంది అని అర్థం. ఆ పండితులు మార్పును ఆపాలని రాసిన పట్టికలే ఇవాళ మార్పు జరిగిన కాలానికి మనకు దొరికిన సాక్ష్యాలు.

ఴకారం కథ కూడా ఈ సీమకు కావలసిందే. 6వ శతాబ్ది చివరి రేనాటి చోళుల శాసనాల్లో ఆ అక్షరం ఉంది. అప్పట్లో తెలుగు, కన్నడాలు రెండింటికీ అది సొంత ధ్వనే. తర్వాత దారులు చీలాయి. తెలుగు దాన్ని డకారం చేసుకుంది, కన్నడం ళకారం చేసుకుంది. మనకు ఏడు, వాళ్ళకు ఏళు. మనకు కోడి, వాళ్ళకు కోళి. మన పాడు వాళ్ళకు హాళు. ఈ చివరి జంటలో రెండు మార్పులూ ఒకేచోట కలిశాయి: మొదట పకారం హకారం, చివర ఴకారం ళకారం. తెలుగు తన వంతుగా ఇంకో మార్పు చేసుకుంది. ఇకార ఎకారాల ముందున్న కకారాన్ని చకారం చేసింది. కన్నడిగుల కివి మనకు చెవి, వాళ్ళ కెరె మనకు చెరువు. ఇవి అక్కడా ఇక్కడా తారసపడే పోలికలు కావు, వరస తప్పని నియమాలు. రెండు భాషల బంధుత్వం తేలేది ఇలాంటి నియమాల మీదే.

నియమాల మీద బంధుత్వం తేల్చాలన్న ఆలోచనకు ఈ సీమతో ఊహించని సంబంధం ఉంది. 1816లో మద్రాసులో ఎ.డి. కాంబెల్ ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. దాని ఉపోద్ఘాతానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వివరణ జోడించాడు. తెలుగు, కన్నడం, తమిళం సంస్కృతం నుంచి పుట్టలేదని, తమలో తాము ఒక కుటుంబమని, ధాతువులను పక్కపక్కన పేర్చి నిరూపించిన తొలి రచన అది. కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్ళకు, 1856లో. ఆ కాంబెల్ తర్వాత బళ్ళారి కలెక్టరుగా వచ్చాడు. అప్పుడు ఆదోని, ఆలూరు, చిప్పగిరి అన్నీ బళ్ళారి జిల్లాలోవే. మద్రాసు గవర్నరు మన్రో అడిగిన బడుల లెక్కకు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఇప్పటికీ ప్రసిద్ధం. జిల్లా మొత్తం మీద 533 బడులు. వాటిలో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1. సంస్కృతంలో శాస్త్రాలు చెప్పే చోట్లు ఇంకో 23. కన్నడ బడులకూ తెలుగు బడులకూ తేడా 9 మాత్రమే. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుకుంటూ, పైకి వల్లిస్తూ అక్షరాలు నేర్చుకునేవారని, పెద్దపిల్లలే చిన్నపిల్లలకు చెప్పేవారని కాంబెల్ రాశాడు. రెండు భాషల బంధుత్వం మీద తొలి రుజువును తన పుస్తకంలో అచ్చువేసిన మనిషే, ఆ రెండు భాషలూ సరిసమానంగా నడుస్తున్న జిల్లాను ఏలాడు. బడులు లెక్కపెట్టిన ఆ చేత్తోనే ఊరి పేర్ల ధ్వనులు కూడా రాయించి ఉంటే ఇవాళ మన పని ఎంత సులువయ్యేదో.

ఇక ఆ పేర్ల దగ్గరికి వద్దాం. హాలహర్వి, హొళగుంద, హెబ్బటం, హత్తిబెళగల్, పెద్దహోతూరు. అచ్చతెలుగు మాటలో మొదట హకారం ఉండదు. సంస్కృతం నుంచో ఉర్దూ నుంచో కన్నడం నుంచో వస్తేనే ఉంటుంది. కాబట్టి సంస్కృతం గాని, ఉర్దూ గాని కాని పేరు మొదట్లో హకారం కనిపిస్తే ఆ పేరు కన్నడ నోటి మీదుగా వచ్చిందని తేల్చవచ్చు. అది 10వ శతాబ్దికి ముందు ఆ రూపంలో లేదని కూడా తేల్చవచ్చు. ఎంతో శ్రమపడి శాసనం తవ్వితేగాని దొరకని కాలనిర్ణయం ఒక్క అక్షరంలో దొరుకుతోంది. అయితే ఈ తర్కం ఒకవైపే నడుస్తుంది. హకారం ఉంటే కన్నడం అనగలం గాని, పకారం ఉంటే తెలుగు అనలేం. ఎందుకంటే వెయ్యేళ్ళ కిందట కన్నడానిదీ పకారమే. పకారంతో మొదలయ్యే పేరు తెలుగు పెట్టినది కావచ్చు, పాతకన్నడం పెట్టి తెలుగు కాపాడినది కావచ్చు. పత్తికొండను తెలుగుపేరు అనేది పకారాన్ని చూసి కాదు, కొండను చూసి. కన్నడం దాన్ని బెట్ట అనో గుడ్డ అనో అంటుంది. తెలుగు అభిమానులు పకారాన్ని తమ ఖాతాలో వేసుకున్నప్పుడల్లా ఈ సంగతి మరిచిపోతారు.

అన్నిటిలోకీ నాకు విలువైనదిగా తోచే పేరు పెద్దహోతూరు. దానికి జోడుగా ఆ చుట్టుపక్కలే చిన్నహోతూరు కూడా ఉంది. కన్నడంలో హోత అంటే మేకపోతు. మన పోతుకు అది అన్నదమ్ముల మాట, పకార హకారాల నియమానికి అచ్చంగా సరిపోయే జంట. హోతూరు అంటే పోతూరే కావచ్చునని నా ఊహ. ఊహ తప్పినా ఫరవాలేదు, పేరు మొదటి హకారం నిలుస్తుంది. దాని ముందు కూర్చున్న పెద్ద అచ్చమైన తెలుగు. కన్నడం అయితే హిరే అని ఉండాలి. రాయదుర్గం వైపు హిరేహాళ్‌లో ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది. పెద్ద, హిరే, కన్నడ హెబ్బులి (పెద్దపులి)లోని హెబ్ – ఇవన్నీ ఒక ధాతువు పిల్లలే. హొళగుంద మండలంలోని హెబ్బటం పేరులో ఉన్నది కూడా ఆ హెబ్ కావచ్చు. ఇప్పుడు పెద్దహోతూరు అన్న పేరును తిరిగి పలికి చూడండి. పెద్దలో పెదవులు గట్టిగా కలుస్తాయి, హోతూరులో పెదవుల స్పర్శే లేదు. ఒకే కుదురు నుంచి వచ్చిన రెండు నోళ్ళ అలవాట్లు ఒకే పేరులో, ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. వరస కూడా తేలిపోతోంది: హకారం స్థిరపడిన హోతూరు ముందు, తెలుగు పెద్ద తర్వాత. తెలుగువాళ్ళే తొలుత ఆ పేరు పెట్టి ఉంటే దాని మొదట హకారం వచ్చే దారే లేదు.

ఇలాంటి తర్కానికి ఆకర్షణ ఎక్కువ కాబట్టే జాగ్రత్తా ఎక్కువ కావాలి. ఆదోని దగ్గరి పెద్దహరివాణాన్ని కూడా ఈ వరసలో చేర్చాలని చెయ్యి లాగుతుంది. చేర్చకూడదు. హరివాణం అన్న మాట పళ్ళెం అన్న అర్థంలో తెలుగు కావ్యాల్లోనే ఉంది. పైగా అందులో హరి కనిపిస్తున్నాడు, ఆ హకారం సంస్కృతానిది కావచ్చు. అనుమానం ఉన్న సాక్షిని బోను ఎక్కించకపోవడమే మంచిది. ఎమ్మిగనూరు మొదటి అక్షరం కూడా పకార హకారాల విషయంలో ఏమీ చెప్పదు. కన్నడంలో ఎమ్మె అంటే గేదె అన్నది నిజమే గాని అది అర్థం మీద కట్టే వాదన, ధ్వని మీద కాదు.

అయితే ఎమ్మిగనూరు ఇంకో ఆక్షేపణకు జవాబు చెప్పడానికి పనికొస్తుంది. ఊరి పేర్లు రాసింది ఎవరు? కరణాలు, పారసీ మున్షీలు, కంపెనీ గుమాస్తాలు. ఆదోని బీజాపూరు కింద ఉంది, మొగలాయీల కింద ఉంది, నిజాం కింద ఉంది, 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. ఇన్ని కలాలు మారిన రికార్డులో ఊరి నోటి ధ్వని మిగులుతుందా, మిగిలింది గుమాస్తా నోటి ధ్వని కాదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని గుమాస్తా చేసే తప్పులకూ ఒక తీరు ఉంటుంది. మాట మొదటి ఎకారాన్ని తెలుగువాడూ కన్నడిగుడూ ముందు సన్నని యకారం చేర్చి పలుకుతారు. మన లిపి ఆ యకారాన్ని రాసినా రాయకపోయినా చెల్లుతుంది, అందుకే ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు రెండూ కనిపిస్తాయి. ఇంగ్లీషు గుమాస్తాకు మన లిపి సంప్రదాయంతో పని లేదు. చెవిన పడ్డది పడ్డట్టు యకారంతోనే రాశాడు. అంటే పరాయి కలం హ్రస్వదీర్ఘాలను, ళకార లకారాలను చెడగొట్టినా, పెదవులతో పుట్టే పకారాన్ని పెదవి కదలని హకారంగా వినదు. హాలహర్విని పారసీలో రాసినా, ఇంగ్లీషులో రాసినా, తెలుగులో రాసినా మొదటి ధ్వని హకారమే. ఇంతమంది ఇన్ని లిపుల్లో ఒకే ధ్వనిని వినడం వెనక ఉన్నది ఊరి నోరే. శాసనాల విషయంలోనూ ఇది నిజం. ఎర్రగుడి శాసనం ప్రాకృతంలో ఉంది కాబట్టి అక్కడి జనం ప్రాకృతం మాట్లాడారని ఎవరూ అనరు. శాసనం భాష రాజుగారిది. అందులో వచ్చే పల్లె పేరును మాత్రం పల్లె పలికినట్టే రాయక తప్పదు.

ఇంకా గట్టి ఆక్షేపణ ఒకటుంది. హెచ్చు అన్న మాట తీసుకోండి. హెచ్చుతగ్గులు, హెచ్చరిల్లడం, ధర హెచ్చింది – శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా తెలుగువాళ్ళందరూ అనే మాటలివి. మనకు పెచ్చు కూడా ఉంది, పెచ్చుపెరిగిపోవడం అంటాం. ధ్వని నియమం ప్రకారం పెచ్చు మన రూపం, హెచ్చు కన్నడం వైపు నుంచి వచ్చిన రూపం. అలాగని హెచ్చు అన్న ప్రతి తెలుగువాడి తాత కన్నడిగుడు కాడు. మాట ఒక్కటే ప్రయాణం చేసింది, మనుషులు కాదు. అలాంటప్పుడు హోతూరు, హత్తిబెళగల్ అనే పేర్లు కూడా కన్నడ పాలకుల దగ్గర అరువు తెచ్చుకుని తెలుగువాళ్ళు తమ ఊళ్ళకు పెట్టుకున్నవి కావని ఎలా చెప్పగలం? చాళుక్యులు ఏలారు, విజయనగరం ఏలింది, కన్నడం కచేరీ భాషగా నడిచింది గదా? దీనికి జవాబు ఊళ్ళ అమరికలో ఉంది. అరువుమాటకు ఎల్లలు ఉండవు, అందుకే హెచ్చు సముద్రపుటొడ్డు దాకా పోయింది. హకారపు ఊళ్ళు అలా చెదరిపోలేదు. తుంగభద్ర, హగరి నదుల వైపు ఒత్తుగా ఉండి, పత్తికొండ దాటి తూర్పుకు పోయేకొద్దీ పలచబడి, నంద్యాల వైపుకు చేరేసరికి పల్లెలకు, పాడులకు చోటిస్తాయి. విజయనగరం నంద్యాలనూ ఏలింది, ఉదయగిరినీ ఏలింది. కచేరీ భాషే కారణమైతే అక్కడా హళ్ళులు మొలవాలి. పైగా రాజు కోటకు పేరు పెడతాడు, పేటకు పెడతాడు. మేకపోతు పేరో పత్తి పేరో పెట్టి పల్లెను పిలిచేది అక్కడ కాపురమున్న జనమే.

మూడో చిక్కు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కన్నడ కీర్తనకారుడు విజయదాసు పుట్టిన ఊరు చీకలపర్వి, రాయచూరు జిల్లా మాన్వి దగ్గర, నికార్సయిన కన్నడ సీమలో. మన హాలహర్వి చివర ఉన్న హర్వి, ఆ చీకలపర్వి చివర ఉన్న పర్వి ఒకే తోకకు రెండు రూపాలుగా కనిపిస్తాయి. అదే నిజమైతే లెక్క తిరగబడింది: హకారం ఉండాల్సిన కన్నడ సీమలో పకారం నిలిచింది, ఇవాళ తెలుగు రాష్ట్రంలో ఉన్న ఊళ్ళో హకారం చేరింది. కొందరు దీన్ని చూపి నియమమే నిలవదంటారు. నిలుస్తుంది. సమాసం మధ్యలో పడిన పకారం మాట మొదటి పకారమంత నిర్బంధంగా మారదు. జనం ఆ తోకను విడిమాటగా గుర్తించినంతకాలం మారుతుంది, గుర్తింపు పోయి మొత్తం ఒకే పేరుగా గడ్డకట్టిన తర్వాత పాతరూపం అలాగే మిగిలిపోతుంది. కాబట్టి చీకలపర్వి నియమాన్ని భంగపరచలేదు, పాత పొరను దాచిపెట్టింది. ఆ మాటకొస్తే ఈ జంట మనకు చెప్పే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ధ్వని ఎల్లకూ రాష్ట్రం ఎల్లకూ సంబంధం లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను తాలూకాల లెక్కన చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, మిగిలినవి మైసూరుకు పోయాయి. అంతకుముందు ఏళ్ళ తరబడి రెండు పక్షాలూ పాతచరిత్రను తవ్విపోశాయి. హకారపు పేర్లు ఈ తగాదాలో ఎవరికి పనికొస్తాయి? ఎవరికీ పనికిరావు, రాకూడదు. అవి చెప్పేది ఇంతే: 10వ శతాబ్ది తర్వాత ఈ పల్లెల్లో కన్నడం మాట్లాడే కాపురాలు గట్టిగా ఉన్నాయి, తర్వాత తెలుగు ఆ పేర్లను కూల్చకుండా వాటి మీదే తన పొర వేసుకుంది. అది ఒకసారి జరిగి ముగిసిపోయిన ఆక్రమణ కూడా కాదు. చీకలపర్విలో పుట్టిన విజయదాసు (1682–1755) చివరిరోజులు గడిపింది చిప్పగిరిలో. ఆయన సుళాదులు, కీర్తనలు కన్నడంలోవి. ఏటా కార్తికంలో ఆయన ఆరాధనకు జనం చేరేది తెలుగు జిల్లాలోని ఈ ఊరికే. అంటే 18వ శతాబ్ది నడుమ కూడా ఇక్కడ కన్నడం పాటకు, భక్తికి సజీవమైన భాష. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు కాంబెల్ లెక్కలో తెలుగు బడులు, కన్నడ బడులు దాదాపు సమానం. ఇది ఒకరు వచ్చి ఇంకొకరిని తోసేసిన కథ కాదు. ఒకే ఇంట్లో, ఒకే సంతలో, ఒకే మనిషి నోట రెండు భాషలు వెయ్యేళ్ళుగా నడిచిన కథ. పెద్దహోతూరు అన్న పేరును తడుముకోకుండా పలకగలిగినది రెండు అలవాట్లూ ఉన్న నోరే. మహారాష్ట్ర–కర్ణాటక సరిహద్దులోని కుప్వాడలో గుంపెర్జ్, విల్సన్ 1971లో ప్రచురించిన పరిశీలన కూడా ఇలాంటిదే. కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళు పక్కపక్కన బతికిన ఆ ఊళ్ళో వాక్యాల కట్టుబడి ఒకటైపోయింది గాని, మాటలు మాత్రం ఎవరివి వాళ్ళకు విడిగా నిలిచాయి.

ఇంత సాక్ష్యం కళ్ళెదుట ఉండగా శాస్త్రం ఈ సీమకు ఆలస్యంగా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది. గ్రియర్సన్ భాషా సర్వే మద్రాసు రాజధానిని, నిజాం రాష్ట్రాన్ని, మైసూరును నేరుగా పరిశీలించలేదు. ఈ సరిహద్దుకు ఇరువైపులా ఉన్నవి ఆ మూడే. మన పండితుల్లో గిడుగు రామమూర్తి చెవితో విని రాసే పద్ధతిని సవర భాష మీద ప్రయోగించి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు, కాని అది గంజాం కొండల్లో జరిగిన పని. అనంతపురంలో పాఠాలు చెప్పి, ఈ సీమకు 1928లో రాయలసీమ అన్న పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు 1937లో ఆంధ్రభాషా చరిత్రము వెలువరించాడు. అపారమైన సామగ్రి పోగుచేశాడు. అయితే ఆయన తెలుగును ప్రాకృతాల సంతానమని వాదించాడు. అరువుమాటల పోలిక ఎంత విస్తారంగా ఉన్నా, ఏడు–ఏళు, పాలు–హాలు లాంటి వరస తప్పని ధ్వని జంటల ముందు ఆ వాదన నిలవలేదు. ఆయన పనిచేసిన జిల్లాకు ఆనుకునే ఆ జంటలు ఊరి పేర్లలో ఉన్నాయని తలుచుకుంటే బాధ కలుగుతుంది. జనం నోటి మాటను శాస్త్రీయంగా పోగుచెయ్యడం భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశంతో మొదలైంది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. 1938లో మాచాని సోమప్ప సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఎమ్మిగనూరు మగ్గాల వంటివి ఉన్న నాట, నేతగాడు తన పనిముట్టును ఏమని పిలుస్తాడో అది పండితుడు రాసుకోవలసిన విషయమే అని ఆ సంపుటం ఒప్పించింది.

పదాలకు జరిగిన ఆ గౌరవం పేర్లకు ఇంకా జరగాలి. ఊరి పేర్లు రికార్డులో ఉన్నాయి గాని, ఊరి లోపలి పేర్లు లేవు. చేనికి ఒక పేరు, వంకకు ఒక పేరు, గుట్టకు, బావికి, కట్టకు ఒక్కో పేరు ఉంటుంది. అడంగలులో సర్వే నంబరు మాత్రమే ఉంటుంది. తహసీలు కాగితాలు ముట్టని ఆ చిన్నపేర్లలోనే పకార హకారాల అసలు ఎల్ల దొరకాలి. హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి మండలాల్లో ముసలి రైతుల చేత తమ పొలాల పేర్లు పలికించి రికార్డు చేస్తే కొన్ని ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. హకారం ఏ వంక దగ్గర ఆగింది? ఏ గుట్టకు ఇటువైపు పకారం, అటువైపు హకారం ఉంది? కన్నడ పల్లెల్లో కొన్నిచోట్ల హాలు ఆలుగా వినిపిస్తుంది. అలాగే హోతూరు హకారం కూడా తెలుగు నోట పలచబడుతోందా, లేక రాతలో చూసి బడిపిల్లలు దాన్ని మళ్ళీ గట్టిగా పలుకుతున్నారా? ఈ చివరి ప్రశ్నకు పుస్తకం జవాబు చెప్పలేదు. రాసిన పేరు చూసి పలికేవాడి హకారం వేరు, తండ్రి నోట విని పలికేవాడి హకారం వేరు. రెండో రకం మనుషులు ఊళ్ళో ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.